సొంత బాధ తవ్వి నటించాలా, ఊహతో కట్టుకోవాలా?

ఇరవై ఏళ్ల కుర్రాడికి యాక్టింగ్ పిచ్చి పట్టిందంటే ఇక తిండి నిద్ర ఏం గుర్తుండవు, అలాంటోళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ రెండు దార్ల దగ్గర ఆగుతారు.

మొదటిది అమెరికాలో యాక్టింగ్ నేర్పిన లీ స్ట్రాస్‌బర్గ్ దారి. నీ లైఫ్‌లో జరిగిన ఏదో ఒక సంఘటన తీసుకుని ఆ గది వాసన, ఆ వెలుతురు, చేతికి తగిలిన వస్తువు ఇలా ఒక్కోటి గుర్తు తెచ్చుకుంటూ పోతే ఎమోషన్ దానంతటదే వచ్చేస్తుంది. వచ్చినప్పుడు క్లోజప్‌లో అదిరిపోద్ది, నిజమే. కానీ పదో టేక్‌కి? నాటకంలో రోజూ రాత్రి? ఆ జ్ఞాపకం అరిగిపోద్ది, పైగా ఇంటికెళ్లాక కూడా మనిషి అందులోంచి బయటికి రాడు.

రెండో దారి చూపించిన ఇంకో అమెరికన్ యాక్టింగ్ టీచర్ స్టెల్లా ఆడ్లర్‌కి ఇదే నచ్చలేదు. 1934లో పారిస్‌లో ఈ పద్ధతులకి మూలమైన రష్యన్ నాటక గురువు స్టానిస్లావ్‌స్కీ దగ్గరే నేర్చుకుని వచ్చి, జ్ఞాపకం కాదు ఊహ ముఖ్యం, పాత్ర ఏ పరిస్థితిలో ఉంది, ఏం చేస్తోంది అది చూడండి అంది. దీనికి బాగా చదవాలి, మనుషుల్ని గమనించాలి, చాకిరీ ఎక్కువ, వెంటనే కన్నీళ్లు రావు కాబట్టి కుర్రాళ్లకి బోర్. (బాక్సర్ రోల్ కోసం దాదాపు 27 కిలోలు పెరిగిన హాలీవుడ్ నటుడు డి నీరో ఆడ్లర్ స్టూడెంటే, కాబట్టి ఇటు వెళ్తే డెడికేషన్ తగ్గుద్దని ఏం లేదు)

నన్నడిగితే కొత్తోళ్లకి ఆడ్లరే బెటర్. ఆ వయసులో తవ్వడానికి లోపల ఎంతుంటుంది చెప్పండి.. స్ట్రాస్‌బర్గ్ ఎక్సర్‌సైజులు చేయాలనుంటే మంచి టీచర్ పక్కనుండగా చేయండి, రూమ్‌లో ఒక్కళ్లే మాత్రం వద్దు.