పాత డీజిల్ బండికి పికప్ తగ్గిందని ఎయిర్ ఇన్‌టేక్ కిట్ పెట్టించకండి: హన్మకొండలో నాకు జరిగింది ఇది

వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు పాత కార్లు నడుపుతున్న వాళ్లలో ఎవరైనా ఎయిర్ ఇన్‌టేక్ కిట్ వేయించాలనుకుంటుంటే, ఇది చదివాకే షాపుకు పోండి. ఇంజన్‌కు గాలి పోయే కంపెనీ ఫిల్టర్ డబ్బా తీసేసి, దాని స్థానంలో పెట్టే వేరే పైపు, ఫిల్టరే ఈ కిట్. నాకు మొత్తం 45,700 రూపాయలు పోయాయి. అసలు బండిలో ఉన్న లోపం రెండు వేల లోపు పని.

మాది 2009 స్విఫ్ట్ డీజిల్. బాపు సింగరేణిలో రిటైర్ అయినప్పుడు వచ్చిన డబ్బుతో కొన్న బండి. ఆయన పోయినంక నేనే నడుపుతున్న. పోయినేడు రిజిస్ట్రేషన్ రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ అన్నీ కట్టి మళ్లీ ఐదేళ్లకు కాగితాలు చేయించుకున్న. అమ్మే ఉద్దేశం లేదు. పని మీద వారానికి నాలుగైదు సార్లు హన్మకొండ నుంచి ఎల్కతుర్తి, హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ పోయొస్తా. ఆ రోడ్డు నాలుగు లైన్ల పని మొదలైనప్పటి నుంచి దుమ్ము ఎట్లుంటదో తిరిగేవాళ్లకు తెలుసు. గ్రానైట్ లారీ ముందు పోతుంటే అద్దాలు దించలేం.

ఈ సంవత్సరం మొదట్లో పికప్ తగ్గింది. మూడో గేర్‌లో లారీని దాటాలంటే టెన్షన్. తెలిసినాయన చెప్పాడని హన్మకొండలో ఒక యాక్సెసరీస్ షాపుకు పోయిన. పేరు రాయను, రాసేది వాళ్ల మీద కక్షతో కాదు. అక్కడి పిల్లగాడు బానెట్ ఎత్తి చూసి, "అన్నా, పాత బండ్లకు శ్వాస ఆడది. గీ కిట్ పెడితే పదిహేను హార్స్‌పవర్ పెరుగుతది, లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లు ఎక్కువిస్తది" అన్నాడు. కిట్ 8,500, ఫిట్టింగ్ 1,000. ఆ ఇంజన్ మొత్తం శక్తే 75 హార్స్‌పవర్. ఒక పైపు, ఒక ఫిల్టర్ మార్చినంత మాత్రాన అందులో ఐదో వంతు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ప్రశ్న ఆ రోజు నేను అడగలేదు. బండి కంప్యూటర్‌లో ఏ లోపం నమోదైందో చూపించే స్కానర్ పెట్టమని కూడా అడగలేదు. వాళ్లూ పెట్టలేదు.

గంటన్నరలో అయిపోయింది. బయటికొచ్చి యాక్సిలరేటర్ తొక్కితే 'స్స్‌స్' అని గట్టిగా శబ్దం. ఆ శబ్దానికి బండి ఉరుకుతున్నట్టే అనిపించింది. మొదటి రెండు రోజులు నిజంగానే సంతోషపడ్డ. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టు మనసుకు అనిపిస్తుంది కాబట్టి, ఫిట్టింగ్ అయిన రోజు మీకు కలిగే సంతోషాన్ని నమ్మకండి. కిట్టుకు ముందు, తర్వాత ఒకే రోడ్డులో ఒకే గేర్‌లో 40 నుంచి 80కి ఎన్ని సెకన్లు పడుతుందో చూసుకోండి. నేను తర్వాత చూసుకుంటే ఏమీ తేడా లేదు.

పదకొండో రోజు హుజూరాబాద్ దాటినంక ఇంజన్ లైట్ వెలిగింది. వెనక నల్ల పొగ. 18 ఇచ్చే మైలేజీ 14కు పడింది. షాపుకు పోతే "బండి పాతది సార్, ఇంజన్ పనుంటది" అన్నారు. అంతవరకూ అన్నా అన్న నోటితోనే సార్ అన్నారు. బిల్లు అడిగితే చిట్టీ మీద కిట్టు ధర రాసిచ్చారు, షాపు ముద్ర లేదు.

నేను ఇంకో నెల అట్లనే నడిపిన. ఇది నా తప్పు. జూన్‌లో టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) దగ్గర ఈల శబ్దం మొదలైతే, బాపు ఉన్నప్పటి నుంచి మా బండి చూసే ముసలి మేస్త్రి దగ్గరికి తీసుకుపోయిన. ఆయన బానెట్ ఎత్తి మొదట అడిగిన మాట: "కంపెనీ డబ్బా ఏది బిడ్డా?"

ఆయన చూపించినవి నేను మీకు పూర్తిగా చెప్తా, ఎందుకంటే షాపుల్లో ఎవరూ చెప్పరు.

మన బండ్లలో ఫిల్టర్ ఉండే నల్ల డబ్బా ముందు నుంచి బయటి గాలి తీసుకునేలా పెట్టి ఉంటుంది. ఈ కిట్టులో ఫిల్టర్ బానెట్ లోపలే, ఇంజన్ వేడిలోనే వేలాడుతుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. పది డిగ్రీలు పెరిగితే అదే పరిమాణంలో గాలి బరువు దాదాపు మూడు శాతం తగ్గుతుంది. మే నెలలో మనకు బయటే 43, 44 డిగ్రీలు ఉంటే, ట్రాఫిక్‌లో బానెట్ కింద ఎంతుంటదో ఆలోచించండి. శక్తి పెరగడానికని పెట్టినదే శక్తి తగ్గిస్తుంది.

రెండోది ఎయిర్‌ఫ్లో సెన్సర్. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఫిల్టర్ దాటిన పైపులో ఈ సెన్సర్ ఉంటుంది. దాని లోపల సన్నటి పొర కరెంటుతో వేడిగా ఉంటుంది. పోయే గాలి దాన్ని ఎంత చల్లబరుస్తుందో దాన్ని బట్టి ఇంజన్ కంప్యూటర్ గాలి బరువు లెక్క కడుతుంది. ఆ లెక్క కంపెనీ పైపు వెడల్పుకు సరిపోయేలా చేసి ఉంటుంది. షాపు వాళ్లు నా సెన్సర్ ఊడబీకి, వాళ్ల వెడల్పాటి పైపుకు రంధ్రం చేసి సిలికాన్ పూసి దించారు. పైపు వెడల్పయితే సెన్సర్ దగ్గర గాలి వేగం తగ్గి లెక్క తప్పుతుంది. దానికి తోడు కిట్టులోని కాటన్ ఫిల్టర్‌కు నూనె దట్టంగా పట్టించారు. ఆ నూనె పోయి సెన్సర్ పొర మీద అంటుకుంది. స్కానర్ పెడితే వచ్చిన కోడ్ పి0101. గాలి కొలతలో తేడా ఉందని దానర్థం.

తర్వాత మేస్త్రి టర్బోకు ముందున్న పైపు విప్పి, లోపల తెల్ల గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు. ఎర్ర దుమ్ము. ఫిల్టర్ దాటినంక ఉన్న పైపులో దుమ్ము! ఫిల్టర్ మెడ పైపుకు సరిగ్గా కూర్చోలేదు, క్లాంప్ పక్క నుంచి సందు. టర్బోలో గాలిని నెట్టే చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగంలో ఇసుక రేణువు తగిలితే రెక్కల అంచులు తినేస్తది. నా టర్బో రెక్కల అంచులు కొరికినట్టు ఉన్నాయి, షాఫ్ట్ ఆడుతోంది. "టర్బో పాతదే, కానీ ఇంకా నాలుగేళ్లు నడిచేది. దుమ్మే చంపింది" అన్నాడాయన.

మరి మొదట పికప్ ఎందుకు తగ్గింది? టర్బో నుంచి ఇంజన్‌కు పోయే రబ్బర్ హోస్ కింది వైపు చీలి ఉంది, గాలి బయటికి పోతోంది. అంతే. హోస్, కొత్త పేపర్ ఫిల్టర్ కలిపి 1,750. కిట్ పెట్టిన వాళ్లకు ఆ చీలిక కనబడలేదు, ఎందుకంటే వాళ్లు వెతకలేదు.

ఖర్చు రాస్తున్నా. టర్బో రీకండిషన్ 19,500. సెన్సర్ 6,500. ఆయిల్, ఫిల్టర్లు, ఆ హోస్ 3,900. లేబర్ 3,500. కంపెనీ ఎయిర్ బాక్స్, పైపుతో సహా 2,800. ఈ చివరిది నన్ను ఎక్కువ బాధ పెట్టింది. నా డబ్బాలో ఏ లోపం లేదు. ఫిట్టింగ్ రోజు "పాత సామాను నీకెందుకన్నా" అని షాపులో పెట్టుకున్నారు. నెలన్నర తర్వాత పోతే అమ్మేశామన్నారు. వరంగల్‌లో పాత సామాన్ల షాపులు రెండు రోజులు తిరిగిన, దొరకలేదు. చివరికి హైదరాబాద్ నుంచి పార్సిల్ తెప్పించుకున్న. కిట్టుకు పెట్టిన 9,500 వీటికి అదనం.

పెట్రోల్ కార్ల వాళ్లకు ఒక మాట. కొన్ని కిట్లలో ఫిల్టర్ బంపర్ కింద, చక్రం పక్కన పెడతారు, చల్ల గాలి కోసమని. 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్ట తెగినప్పుడు, నయీంనగర్ నాలా పొంగినప్పుడు మన రోడ్ల మీద నీళ్లు ఎంత లోతు నిలిచాయో చూశాం కదా. అంత కింద ఉన్న ఫిల్టర్ నీళ్లు పీలిస్తే సిలిండర్‌లో నీరు గాలిలాగా నొక్కుకుపోదు, పిస్టన్‌ను తోసే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి.

కాటన్ ఫిల్టర్లన్నీ చెడ్డవని నేను అనను. నీట్‌గా కడిగి, కొలిచినట్టు నూనె పట్టించి, కంపెనీ డబ్బాలోనే కూర్చునే రకం వాడేవాళ్లున్నారు. కానీ మన దుమ్ముకు నేను పేపర్ ఫిల్టరే వాడతా, కంపెనీ చెప్పిన కిలోమీటర్లలో సగానికే మారుస్తా.

డబ్బు వెనక్కి అడుగుదామని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశా. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వేయవచ్చు, ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. నా దగ్గర ఉన్నది ముద్ర లేని చిట్టీ, ఫోన్‌పే రసీదు, మేస్త్రి తీసిన ఫొటోలు. పక్కా బిల్లు ఉంటే నా పని ఇంత కష్టమయ్యేది కాదు.

ఇప్పటికే ఫిట్టింగ్‌కు మాట ఇచ్చి ఉంటే, పోయే ముందు బానెట్ ఎత్తి మీ ఎయిర్ బాక్స్, సెన్సర్, పైపుల ఫొటోలు తీసుకోండి. విప్పిన ప్రతి ముక్కనూ, స్క్రూలతో సహా, మీ డిక్కీలోనే పెట్టించుకోండి. ఫిట్టింగ్ అయిన వంద కిలోమీటర్లకు ఫిల్టర్ వెనక పైపు విప్పించి తెల్ల గుడ్డతో లోపల తుడవండి. గుడ్డకు దుమ్ము అంటితే ఆ రోజే పాత డబ్బా తిరిగి పెట్టించుకోండి.