స్కాట్లాండ్ దీవులకు చిన్న ఓడా, ఫెర్రీ ప్లస్ కారా?

ఖర్చు: ఓడలో గది, భోజనం, గైడ్ కలిపి ఒకటే పెద్ద బిల్లు. ఫెర్రీ, అద్దె కారు, బస విడిగా చూసుకుంటే బాగా తగ్గుతుంది.

శ్రమ: ఓడలో పెట్టె ఒక్కసారి సర్దుకుంటే చాలు. ఫెర్రీలో కారుకి చోటు వేసవిలో ముందే బుక్ చేయాలి.

రిస్క్: రెండింటికీ గాలి భయమే. 1930లో చివరి 36 మంది నివాసులు వదిలి వచ్చేసిన మారుమూల దీవులు సెయింట్ కిల్డాకు కారు ఫెర్రీ లేదు. ఓడ అక్కడిదాకా వెళ్లినా, అలలు ఎక్కువైతే దిగనివ్వరు.

తోటలు: నా ఓటు కారుకే. స్కాట్లాండ్ వాయవ్య తీరంలో 1862లో మొదలైన ఇన్‌వర్యూ తోటలో, అంత ఉత్తరాన కూడా, అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం పుణ్యమా అని దక్షిణార్ధగోళపు మొక్కలు బతుకుతున్నాయి. మే నెలలో రోడోడెండ్రాన్లు విరగబూస్తాయి. ఓడ టైం చూసుకుంటూ తిరిగితే తనివి తీరదు.

వారమే సెలవుండి, మారుమూల దీవులు చూడాలంటే ఓడ. పిల్లలతో, తక్కువ బడ్జెట్‌లో, తోటల కోసమైతే కారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఓడలో తీసుకెళ్తుంటే, చిన్న పడవల్లోకి దిగాల్సి ఉంటుందేమో ముందే అడగండి.