డాబా వేడికి ఏది మేలు: తెల్ల పూతా, టైల్సా, మిద్దెతోటా?

మాది హైదరాబాద్‌లో రెండంతస్తుల ఇల్లు. కింద అన్నయ్యవాళ్ళు, పైన మేము. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి తొమ్మిదింటికి మంచమెక్కి స్లాబుకి చెయ్యి ఆనిస్తే, అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా తగులుతుంది. ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తుంది. అదే వేళకి కింద మా వదిన దుప్పటి కప్పుకుని పడుకుంటుంది.

పోయినేడాది ఏదో ఒకటి చేసి తీరాలనుకున్నాం. తలా ఒక మాట చెప్పారు. అన్నయ్య రేకుల షెడ్డు వేద్దామన్నాడు. మా ఆవిడ మిద్దెతోట అంది. మేస్త్రీ తెల్ల టైల్ ముక్కలు పరిపిస్తే చాలన్నాడు. పెయింట్ షాపాయనైతే ఏకంగా "ఎండని తిప్పికొట్టే తెల్ల రంగుంది, కూల్ పెయింట్, అది వేయించండి సార్, కరెంటు బిల్లు సగానికి పడిపోతుంది" అన్నాడు. ఆ 'సగం' ఎక్కడిదో చూద్దామని కూర్చున్నాను.

ఈ విషయం మన ఊళ్ళోనే కొలిచి పెట్టారు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ వాళ్ళు, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్ళు కలిసి హైదరాబాద్‌లో ఏసీలు నడిచే భవనాల పైకప్పులకి తెల్ల పూత వేసి కరెంటు లెక్క తీశారు. ఆ పేపర్ 2012లో వచ్చింది. అంతకుముందు నల్లగా ఉన్న కప్పుని తెల్లగా చేస్తే చదరపు మీటరుకి ఏడాదికి 20 నుంచి 22 యూనిట్లు మిగిలాయి. ఏ పూతా లేని మామూలు కాంక్రీటుని తెల్లగా చేస్తే 13, 14 యూనిట్లు మిగలొచ్చని అంచనా కట్టారు. అంటే చల్లదనానికి అయ్యే కరెంటులో 10 నుంచి 19 శాతం. మొత్తం బిల్లులో కాదు, ఏసీకి అయ్యే భాగంలో.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. అమ్మేవాళ్ళు చెప్పే పెద్ద అంకె ఎక్కువగా నల్ల కప్పుతో పోల్చిందే అయ్యుంటుంది. మన డాబాలు నల్లనివి కావు, బూడిదరంగువి. మా డాబా వంద గజాలు, అంటే సుమారు 84 చదరపు మీటర్లు. ఆ పేపర్ ప్రకారం ఏడాదికి వెయ్యి యూనిట్ల పైచిలుకు మిగలాలి. మిగలవు. వాళ్ళు కొలిచింది పగలంతా ఏసీ నడిచే చోట. మా ఇంట్లో ఏసీ రాత్రి పడుకునే గదిలో మాత్రమే, అదీ రెండు నెలలు. షాపాయన లెక్క మా ఇంటికి అతకదు.

మరి ఏసీలే లేని ఇళ్ళ సంగతేంటి? 2017లో హైదరాబాద్‌లోనే దేవరకొండ బస్తీలో 25 చిన్న ఇళ్ళ మీద తెల్లటి పొర పరిచి చూశారు. లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపిస్తుంది గానీ, పడుకునే వేళ 36కీ 34కీ తేడా ఏంటో పై అంతస్తులో ఉండేవాళ్ళని అడగాలి. నాకు యూనిట్ల కన్నా ఈ లెక్కే పనికొచ్చింది.

ఇలాంటి కొలతలు పేపర్లలోనే ఉండిపోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలన్నది లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌లోనే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకి తప్పనిసరి. ఇళ్ళయితే స్థలం 600 గజాలు, ఆపైన ఉన్నవాటికే. మా అంత ఇళ్ళవాళ్ళకి ఇష్టమైతే వేసుకోవచ్చు, లేకపోతే లేదు. నిజానికి పై అంతస్తులో ఉడికిపోయేవాళ్ళలో ఎక్కువమంది ఆ 600 గజాల లోపువాళ్ళే.

సరే, పోటీలోకి వద్దాం. రేకుల షెడ్డు నీడనిస్తుంది, స్లాబు మీద ఎండ పడదు. కానీ రేకే కాలి కిందికి వేడి కొడుతుంది, గాలివానకి దాని గోల వేరు. దానికి పెట్టే డబ్బేదో సోలార్ ప్యానెళ్ళకి పెడితే నీడా వస్తుంది, కరెంటూ వస్తుంది. మూడు కిలోవాట్లకి కేంద్రం సబ్సిడీ 78 వేల దాకా ఉంది. కాకపోతే దానికి 30 చదరపు మీటర్ల చోటు కావాలి, మిగతా పెట్టుబడి మనదే. ఆ ఏడాదికి మా వల్ల కాలేదు.

టైల్ ముక్కలు మంచివే. తెల్లగా ఉంటాయి, కడిగితే మళ్ళీ మెరుస్తాయి, ఏళ్ళ తరబడి ఉంటాయి. ఖర్చు మాత్రం పూత కన్నా బాగా ఎక్కువ. కింద వేసే సిమెంటు బరువు స్లాబు మీదే. పాత స్లాబులో ఎక్కడైనా నీళ్ళు కారుతుంటే, ముందు దాని సంగతి చూడకుండా టైల్స్ వేస్తే ఆ చోటు ఇక దొరకదు.

మిద్దెతోట దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా ఆవిడ చెప్పినదాంట్లో తప్పులేదు. తడిమట్టి ఎండని మింగేస్తుంది, ఆకులు నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తాయి, పైగా ఇంటి వంకాయలు. కానీ బరువు చూడండి. మనుషులు ఎక్కి తిరిగే డాబాకి చదరపు మీటరుకి 150 కిలోల అదనపు బరువు లెక్కేసి కట్టాలని మన దేశపు భవన నిర్మాణ కోడ్ చెబుతుంది. తడిసిన మట్టి పది సెంటీమీటర్ల మందం పరిస్తే ఆ లెక్క అక్కడికే సరిపోతుంది, ఇక మనుషులు ఎక్కడానికి మిగిలేదేమీ లేదు. కుండీల్లో, గ్రో బ్యాగుల్లో పెంచితే బరువు అదుపులో ఉంటుంది గానీ, అవి డాబాలో కొంత భాగాన్నే కప్పుతాయి. మిగతా స్లాబు ఎండకి కాలుతూనే ఉంటుంది. పైగా మే నెలలో ట్యాంకర్ నీళ్ళు కొనుక్కునే వీధి మాది. చివరికి పడమటి వైపు బీరపాదుకి పందిరి వేసుకుంటే చాలని ఒప్పుకుంది. ఇది మంచి ఆలోచనే. పాదు నీడ స్లాబు మీదా పడుతుంది, సాయంత్రం ఎండకి కాలే పడమటి గోడ మీదా పడుతుంది. కప్పుకి ఎంత తెల్ల పూత వేసినా ఆ గోడ వేడి తగ్గదు మరి.

ఇక పూతలో రెండున్నాయి. సున్నం అన్నిటికన్నా చవక. జిగురు కలిపి రెండుసార్లు పూస్తే ఆ వేసవి గడిచిపోతుంది. తొలకరికి కొట్టుకుపోతుంది, కాళ్ళకి అంటుతుంది, ఏటా మళ్ళీ వెయ్యాలి. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకి ఇదే మేలంటాను. సొంత ఇల్లయితే కూల్ పెయింటే. మేము అదే వేయించాం.

మొదటి రోజు సగం డాబాయే అయింది. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి చెప్పులు విడిచి పైకెళ్ళాను. బూడిదరంగు వైపు మూడడుగులు కూడా వెయ్యలేక గెంతాను. గీత దాటి తెల్లటి వైపు నిలబడితే, వెచ్చగా ఉంది గానీ నిలబడగలిగాను. ఎంతసేపైనా. కరెంటు బిల్లులో పెద్ద తేడా రాలేదు. రాత్రి సీలింగ్‌కి చెయ్యి ఆనిస్తే మాత్రం ఇస్త్రీ చొక్కా వేడి లేదు, పది దాటాక ఏసీ ఆపేస్తున్నాం.

లోపాలు లేవని కాదు. ఎదురింటి పిన్నిగారు మూడో రోజే "మీ డాబా చూస్తే కళ్ళు జిగేల్మంటున్నాయి బాబూ" అన్నారు. దుమ్ముకి ఆ మెరుపు ఎలాగూ తగ్గిపోయింది, దాంతోపాటు చల్లదనమూ కొంత. కొత్తలో పడ్డ ఎండలో ఎనభై శాతం దాకా తిప్పికొట్టే పూత, పావురాల రెట్టలూ పక్క సైట్ సిమెంటు దుమ్మూ పడ్డాక అంత పనిచెయ్యదు. అందుకే ఫిబ్రవరి చివర్లో ఒకసారి కడుక్కోవాలి. మొన్న ఆదివారం ఆ పనే చేశాం. నేను పైపు పట్టుకున్నాను, అన్నయ్య చీపురు. ఆరగానే మా ఆవిడా వదినా పాత చీర పరిచి మినప వడియాలు పెట్టేశారు.