స్టోర్ పార్టిషన్‌కి వెల్డ్ మెష్: 12, 10, 8 గేజ్‌లలో ఏది మేలు?

గోడౌన్‌లో సరుకు చుట్టూ వెల్డ్ మెష్‌తో, అంటే అడ్డం నిలువు తీగల్ని వెల్డింగ్ చేసిన జాలీతో, పార్టిషన్ కట్టించాలనగానే చదరపు అడుగు ఎంత పడుతుందని అడుగుతాం. అంతకంటే ముందు అడగాల్సింది తీగ ఎన్ని మిల్లీమీటర్లు అని.

తీగ మందాన్ని చెప్పే అంకే గేజ్. ఆ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. బ్రిటిష్ ఎస్‌డబ్ల్యూజీ (స్టాండర్డ్ వైర్ గేజ్) లెక్కలో 12 గేజ్ అంటే 2.64 మి.మీ., 10 గేజ్ 3.25, 8 గేజ్ 4.06. అమెరికా ఉక్కు తీగల లెక్కలో మాత్రం 10 గేజ్ 3.43 మి.మీ. అందుకే కొటేషన్‌లో గేజ్ ఒక్కటే రాస్తే ఒప్పుకోకండి.

12కీ 10కీ మధ్య తేడా చూడ్డానికి అర మిల్లీమీటరు పైచిలుకే. అయితే తీగ వంగకుండా నిలిచే బిగువు మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మందం 23 శాతం పెరిగితే బిగువు 2.3 రెట్లవుతుంది. ఇనుము బరువు పెరిగేది ఒకటిన్నర రెట్లే. 2 అంగుళాల గళ్లతో 8×4 అడుగుల షీటు 12 గేజ్‌లో సుమారు 5.2 కిలోలు, 10లో 7.9, 8లో 12.3 తూగుతుంది. అదనంగా పెట్టిన ప్రతి కిలోకీ ఫలితం కనబడుతుంది కాబట్టి, మామూలు స్టోర్‌రూమ్‌కి నా ఓటు 10 గేజ్‌కే. 12 గేజ్ ఫైళ్ల గదికో, ఎవరూ ఆనుకోని చోటుకో సరిపోతుంది. అట్టపెట్టెలు ఒరిగే చోట అది నెమ్మదిగా పొట్ట వేస్తుంది.

8 గేజ్ మాట వేరు. ట్రాలీలు, ప్యాలెట్ ట్రక్కులు తిరిగే దారి పక్కన అది కావాలి. అలాగని పార్టిషన్ మొత్తం దానితోనే కట్టక్కర్లేదు. దెబ్బలు తగిలే కింది మూడు నాలుగు అడుగుల వరకు 8 గేజ్, పైన 10 వేయిస్తే చాలు. ఫ్రేమ్ బలహీనంగా ఉంటే ఎంత మందం తీగ వేసినా జాలీ ఊగుతుంది. ఎనిమిది అడుగుల ప్యానెల్ మధ్యలో ఒక యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) అడ్డంగా వెల్డింగ్ చేయిస్తే ఊగే నిడివి సగమవుతుంది. చాలా గోడౌన్లలో 8 గేజ్‌కి పెట్టే డబ్బుకన్నా ఆ యాంగిల్ ఎక్కువ పని చేస్తుందని నా గట్టి నమ్మకం.

ఇంకో చిక్కుముడి కూడా ఉంది. 12 గేజ్‌లో 2×1 అంగుళాల గళ్ల జాలీ, 10 గేజ్‌లో 2×2 జాలీ దాదాపు ఒకే బరువు తూగుతాయి. ఇనుము అంతే పడుతున్నప్పుడు దేన్ని తీసుకోవాలి? మందులు, సెల్‌ఫోన్లు, చిన్న స్పేర్ పార్టుల లాంటి సరుకైతే చెయ్యి దూరని 2×1 మేలు. బస్తాలు, టైర్లు, పెద్ద పెట్టెలైతే ఆనినా వంగని 10 గేజ్ 2×2. దొంగతనం భయం గట్టిగా ఉంటే సన్న తీగ వద్దు, 12 గేజ్‌ని మామూలు కటింగ్ ప్లయర్‌తోనే కత్తిరించేయొచ్చు. అలాంటి చోట చిన్న గళ్లూ కావాలి, 10 గేజూ కావాలి. ఖర్చు పెరిగినా తప్పదు.

సరుకు దిగగానే తీగ మందాన్ని వెర్నియర్ కాలిపర్ అనే కొలత పరికరంతో కొలవండి. పౌడర్ కోటింగ్ వేసిన తీగ ఉన్నదానికంటే లావుగా చూపిస్తుంది కాబట్టి, ఒక మూల పూత గీకి ఉట్టి ఇనుము మీదే కొలత తీయాలి. షీటును తూకం కూడా వేయించండి. 10 గేజ్ అని బిల్లు చేసిన 8×4 షీటు, 2 అంగుళాల గళ్లతో, ఆరు కిలోలే తూగితే దాన్ని తీసుకోకుండా వెనక్కి పంపేయండి.