మూడేళ్లుగా వాడుతున్న స్మార్ట్ స్పీకర్: అమ్మకి టైమ్ చెబుతుంది, కానీ...

పాటలు, వాతావరణం, క్రికెట్ స్కోరు గురించి రాయను, అవి అందరికీ తెలిసినవే. మా ఇంట్లో ఈ స్పీకర్ మూడేళ్లు నిలిచింది ఒక్క పని వల్ల. రాత్రిపూట అమ్మకి టైమ్ చెబుతుంది.

అమ్మకి నీటికాసులు, అంటే గ్లకోమా అనే కంటి జబ్బు. గోడ గడియారం కనపడదు, ఫోన్ వెలుగు కళ్లకి పడదు. ఇంతకుముందు మెలకువ వస్తే తెల్లారిందో లేదో తెలీక, నన్ను లేపడం ఇష్టం లేక అలాగే పడుకుని ఉండేది. ఇప్పుడు మంచం మీంచే "వాట్ ఈజ్ ద టైమ్ అమ్మా" అని అడుగుతుంది. చివర్లో ఆ "అమ్మా" ఉన్నా అది సరిగ్గానే చెబుతుంది. మొదటిసారి పక్క గదిలోంచి ఆ మాట విన్నప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వారంలోనే చుట్టాల్లో ముగ్గురి చేత కొనిపించాను.

తెలుగు లేకపోవడం మాత్రం పెద్ద లోటు. ఫోన్లో గూగుల్ అసిస్టెంట్‌కి ఏళ్ల క్రితమే తెలుగు వచ్చింది, మా స్పీకర్‌తో ఇప్పటికీ ఇంగ్లిషో హిందీయో మాట్లాడాల్సిందే. 70 దాటిన మనిషి నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు బట్టీ పట్టింది. రాత్రి తొమ్మిదికి రిమైండర్ పెడుతూ "చుక్కల మందు" అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే, దాని యాసలో అదేమిటో అర్థం కావడానికి అమ్మకి రెండు రోజులు పట్టింది.

పోయిన వేసవిలో నేను పెళ్లికని ఊరెళ్లిన రోజు గాలివాన వచ్చి ఎనిమిదిన్నరకి కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కానీ అది లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమే, స్పీకర్ పెట్టిన ప్లగ్గుకి ఆ లైను లేదు. దీనికి బ్యాటరీ కూడా లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది కాబట్టి కరెంటు పోయిన సంగతే అమ్మకి తెలీలేదు. పదకొండింటికి ఫోన్ చేసి చుక్కలు వేసుకున్నావా అని అడిగితే, "అది ఇంకా చెప్పలేదుగా, తొమ్మిది కాలేదనుకున్నానే. రెండుసార్లు టైమ్ అడిగా, పలకలేదు. నా ఇంగ్లిష్ అర్థం కాలేదేమో అనుకున్నా" అంది. కరెంటు వచ్చాక కూడా అది తప్పిపోయిన రిమైండర్ని మళ్లీ చెప్పలేదు. నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికే ఆ చుక్కలు. ఒక్క పూటకి ఏమీ కాదని డాక్టరుగారు అన్నారు గానీ, నన్ను కుదిపేసింది వేరే విషయం. స్పీకర్ వచ్చాక నేను ఊళ్లో లేనప్పుడు తొమ్మిదికి ఫోన్ చేయడం మానేశాను.

ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి స్పీకర్‌కీ వైఫై రూటర్‌కీ రెండింటికీ ఇన్వర్టర్ లైను వేయించాను. ఒక్క స్పీకర్‌కే వేయిస్తే సరిపోదు, నెట్ లేకపోతే అడిగినదానికి జవాబు రాదు. కొనిపించిన ముగ్గురికీ ఫోన్ చేసి ఇదే చెప్పాను.

మళ్లీ కొంటానా అంటే, అమ్మ కోసం కొంటాను. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి మందుల కోసమని ఎవరైనా అడిగితే మాత్రం ఇప్పుడు వెంటనే కొనమనలేను. మా ఇంట్లో నేనుంటాను, ఇన్వర్టర్ ఉంది, అమ్మకి ఆ నాలుగు వాక్యాలు వచ్చు. నేను ఊళ్లో లేని రోజు తొమ్మిదికి మళ్లీ ఫోన్ చేస్తున్నాను. "ఇప్పుడే చెప్పిందే, వేసుకుంటున్నా" అంటుంది.