సాంకేతిక పత్రాలకు లేజర్ ప్రింటర్: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

సమీకరణాలు, పట్టికలు, సర్క్యూట్ బొమ్మలు నిండిన మాన్యువళ్లను లాటెక్ అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేరులో కూర్చి, ప్రూఫులను కాగితం మీద దిద్దుకోవడం నా రోజువారీ పని. ఇందుకోసం తొమ్మిదేళ్లలో రెండు నలుపు-తెలుపు లేజర్ ప్రింటర్లు వాడాను. మొదటిది ధర చూసి కొన్నది, రెండోది దానితో పడిన తిప్పల తరువాత కొన్నది.

మొదటి ప్రింటరుకు పేజీని సొంతంగా అర్థం చేసుకునే శక్తి లేదు. పేజీని చుక్కలుగా మార్చే పని మొత్తం కంప్యూటరులో ప్రింటరును నడిపే సాఫ్ట్‌వేరు, అంటే డ్రైవరే చేసి, తయారీదారు సొంత పద్ధతిలో పంపితే, అది వాటిని కాగితం మీదకు దించేది. మూడేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఆపరేటింగ్ సిస్టం మార్చిన రోజున, కొత్త దానికి పనికివచ్చే డ్రైవరు లేదని తేలింది. యంత్రం చెక్కుచెదరలేదు, టోనరు (సిరాకు బదులు వాడే పొడి) సగానికి పైగా మిగిలే ఉంది, అయినా దానికి పేజీ పంపే దారి లేదు. పాత కంప్యూటరును కేవలం ముద్రణ కోసమే మరో ఏడాది అట్టిపెట్టుకున్నాను.

అందువల్ల రెండోసారి, నిమిషానికి ఎన్ని పేజీలన్న లెక్కను పక్కనపెట్టి, పేజీని ప్రింటరుకు వర్ణించి చెప్పే భాష అయిన పోస్ట్‌స్క్రిప్ట్‌నూ పి.డి.ఎఫ్.నూ నేరుగా చదవగలిగిన, నెట్‌వర్క్ కేబులుకు తగిలించగలిగిన, రెండు వైపులా తానే ముద్రించే 1200 డి.పి.ఐ. (అంగుళానికి 1200 చుక్కలు) ప్రింటరును ఎంచుకున్నాను. పోస్ట్‌స్క్రిప్ట్‌ను అడోబీ 1984లో విడుదల చేసింది. మరుసటి ఏడాదే ఆపిల్ లేజర్‌రైటర్ దానిని 300 డి.పి.ఐ.తో బల్ల మీదకు తెచ్చింది. అంత పాత భాష అయినందువల్లనే దాని మీద నాకు నమ్మకం కుదిరింది. ఈ ఐదేళ్లలో కంప్యూటరును రెండుసార్లు మార్చాను, కానీ డ్రైవరు కోసం వెతుక్కోవలసిన అవసరం ఒక్కసారీ రాలేదు.

గణిత పత్రాల్లో 600, 1200 డి.పి.ఐ.ల తేడా అక్షరాల కంటే ముందు భిన్నాల గీతల్లో బయటపడుతుంది. లాటెక్ మామూలుగా గీసే భిన్నరేఖ మందం 0.4 పాయింటు, అంటే సుమారు 0.14 మిల్లీమీటరు, 600 డి.పి.ఐ.లో అది మూడు చుక్కల మీద మరో మూడోవంతు. ప్రింటరు చుక్కను ముక్కలు చేయలేదు కాబట్టి, గీత పేజీలో ఎక్కడ పడిందన్న దానిని బట్టి ఒక చోట ఒక చుక్క ఎక్కువగా, మరో చోట తక్కువగా వస్తుంది. పాత ప్రింటరులో ఒకే పేజీలోని రెండు భిన్నాలకు రెండు రకాల గీతలు కనిపించి, తప్పు నా ఫైలులోనే ఉందనుకుని ఒక మధ్యాహ్నమంతా వెతికాను. 1200లోనూ ఆ ఒక్క చుక్క తేడా ఉంటుంది, కానీ అక్కడ చుక్క వెడల్పు 0.02 మిల్లీమీటరే కనుక కంటికి ఆనదు. పది పాయింట్ల మామూలు ఇంగ్లీషు పాఠానికి మాత్రం 600 చాలు. తెలుగులో ఏడు పాయింట్ల ఫుట్‌నోటు పెట్టి, థ పొట్టలోని చుక్క, ఒత్తుల లోపలి తెల్లని ఖాళీలు పూడుకుపోకుండా ఉండాలనుకుంటే 1200 వైపే మొగ్గుతాను. ప్రకటనలో 1200 అని ఉంటే అది నిజంగా వేసే చుక్కల లెక్కా, లేక 600కు మెరుగులు దిద్ది పెట్టిన పేరా అన్నది కొనే ముందే విడమరచి అడగాలి.

అయితే ఫైలులోని ఫాంటే బిట్‌మ్యాప్, అంటే ముందే చుక్కలుగా మార్చి పెట్టినది, అయినప్పుడు ఏ డి.పి.ఐ. అయినా చేసేదేమీ లేదు. పాత లాటెక్ పత్రాల్లో టైప్ 3 బిట్‌మ్యాప్ ఫాంట్లు పొదిగి ఉండడం మామూలే. వాటి అంచుల గరుకు కొత్త ప్రింటరులోనూ అలాగే దిగుతుంది. మూల ఫైలు చేతిలో ఉంటే అక్షరాలను రేఖలుగా దాచే లాటిన్ మోడర్న్ ఫాంటుకు మార్చి మళ్లీ కూర్చడమే మందు.

ప్రింటరే పేజీని చుక్కలుగా మార్చుకోవడంలో ఒక నష్టం కూడా ఉంది. దానిలోని ప్రాసెసరు కంప్యూటరు ముందు పసిపిల్ల వంటిది. ఎ4 పేజీ 1200 డి.పి.ఐ.లో కుదించకుండా దాదాపు 17 మెగాబైట్లు అవుతుంది. దానికి కావలసిన జ్ఞాపకం ప్రింటరులో ఉంది. కానీ లక్షకు పైగా బిందువులున్న ఒక గ్రాఫును వెక్టరు రూపంలో (చుక్కలుగా కాక గీతల వర్ణనగా) పంపినప్పుడు, పచ్చదీపం ఆరు నిమిషాలు మిణుకుమిణుకుమంటూ ఉండి, చివరికి సగం పేజీ మాత్రమే బయటకు వచ్చింది. ఆ ఒక్క బొమ్మను 600 డి.పి.ఐ. చిత్రంగా మార్చి పంపితే వెంటనే వచ్చింది.

కొలతల విషయంలో ప్రింటరు కంటే పి.డి.ఎఫ్. చూపించే సాఫ్ట్‌వేరుతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసి వచ్చింది. పేజీకి సరిపెట్టు అన్న అమరిక తనంతట తానే ఎంపికై ఉండడంతో, స్కేలు ప్రకారం గీసిన ఒక బోర్డు నమూనాలో 100 మిల్లీమీటర్ల గీత 97 మాత్రమే వచ్చింది. స్క్రూ రంధ్రాలు కుదరనప్పుడు గానీ సంగతి బోధపడలేదు. అప్పటి నుంచి కొలత ముఖ్యమైన ప్రతి పత్రంలోనూ అడుగున 100 మిల్లీమీటర్ల గీత ఒకటి పెట్టి, ముందు దానిని స్కేలుతో కొలుస్తాను.

నలుపు-తెలుపు ప్రింటరుకు బూడిదరంగు అంటూ ఏదీ లేదు. నల్లచుక్కలను దూరదూరంగా చల్లి ఆ భ్రమ కలిగిస్తుంది. కనుక తెర మీద ముచ్చటగా ఉన్న నీలిరంగు లింకులు, ప్రోగ్రాముల్లోని లేత వ్యాఖ్యలు కాగితం మీద చిల్లులు పడిన అక్షరాలుగా దిగుతాయి. ముద్రించే ప్రతికి లింకుల రంగు తీసేసి, వ్యాఖ్యలను నల్లటి ఇటాలిక్‌లోకి మార్చాక ఆ బాధ తీరింది. రెండు వైపుల ముద్రణకు 80 జి.ఎస్.ఎం. కాగితం వాడుతున్నాను, ముందు, వెనుక పేజీల మధ్య ఒక మిల్లీమీటరు జరుగుడు ఇప్పటికీ ఉంది, దానికి అలవాటు పడ్డాను.

ఈ రెండో ప్రింటరు కొన్న నాలుగో ఏట ఒక సమీకరణంలో x నెత్తిన చుక్క కనిపించింది. కాలంతో మార్పు రేటును సూచించడానికి అలాంటి చుక్కే పెడతారు కాబట్టి, ప్రూఫు చూసిన సహోద్యోగి ఆ సమీకరణాన్ని రాబట్టిన తీరు మొత్తం తప్పని ఎర్ర కలంతో రాసి పంపారు. ఫైలులో అలాంటి చుక్క లేదు. అదే పేజీని స్కేలు పెట్టి చూస్తే, సరిగ్గా 94 మిల్లీమీటర్ల కింద ఖాళీ జాగాలో మరో చుక్క, అంతే దూరంలో ఇంకొకటి ఉన్నాయి. అంటే టోనరును కాగితం మీదకు చేర్చే, 30 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ దాని మీది గాటు ముద్ర వేస్తోంది. టోనరు, డ్రమ్ము వేర్వేరుగా దొరికే మోడలు కావడంతో, నిండుగా ఉన్న టోనరును పారేయకుండా డ్రమ్ము ఒక్కటే మార్చాను. ఆ వారంలో ముద్రించిన ప్రూఫులన్నింటినీ, పట్టికల్లో లేని దశాంశ బిందువులు ఎక్కడైనా చేరాయేమోనని, మళ్లీ మొదటి నుంచి సరిచూడవలసి వచ్చింది.