పెల్లెట్లు తూచే మిల్లీగ్రాము కాటా: రెండేళ్లు వాడాక

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కోసం పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) ఏరడానికి 0.001 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా రెండేళ్లుగా వాడుతున్నాను. కెపాసిటీ 20 గ్రాములు, పైన ప్లాస్టిక్ మూత, పెట్టెలో ఒక క్యాలిబ్రేషన్ బిళ్ల (కాటాను సరిచూసుకునే తూకం బిళ్ల). పనికొస్తుంది. కానీ చాలామంది కొనేది పెల్లెట్లను బరువు వారీగా విడదీయడానికి, ఆ పనికి మాత్రం కాదు.

ముందు లెక్క చూద్దాం. రైఫిల్ పెల్లెట్ బరువు సాధారణంగా 0.53 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు. 10 మీటర్లు దాటేలోపు అది దాదాపు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. రైఫిల్‌లోని గాలి ఇచ్చే శక్తి అంతే ఉండి బరువు ఒక శాతం, అంటే 5 మిల్లీగ్రాములు పెరిగితే వేగం అర శాతం తగ్గుతుంది, పెల్లెట్ ఇంకో 0.17 మిల్లీమీటరు కిందికి పడుతుంది. టార్గెట్ మీద 0.1 పాయింటు అంటే 0.25 మిల్లీమీటరు. అంటే 5 మిల్లీగ్రాముల తేడా 0.1 పాయింటు కూడా తినదు. మ్యాచ్ గ్రేడ్ (పోటీలకు వాడే రకం) డబ్బాలో నేను చూసినంతవరకు ఎక్కువ భాగం 6 మిల్లీగ్రాముల తేడాలోనే ఉంటున్నాయి. వాటిని మిల్లీగ్రాముకో గుంపుగా విడదీయడం వృథా శ్రమ.

మరి కాటా ఎందుకు? గుంపులోంచి తప్పిపోయిన పెల్లెట్‌ను పట్టుకోవడానికి. 500 పెల్లెట్లలో ఒకటో రెండో మిగతావాటికి 15 మిల్లీగ్రాములు తక్కువగా కనిపిస్తాయి. అలాంటిది చేతికి వస్తే పట్టకారుతో తిప్పి చూడండి: స్కర్ట్ (పెల్లెట్ వెనకవైపు బోలుగా ఉండే భాగం) అంచు పలచగా ఉంటుంది, లేదా లోపల సీసం సరిగ్గా నిండక చిన్న గుంట ఉంటుంది. స్కోరు పోగొట్టేది అదే. బరువు ఆ లోపాన్ని బయటపెడుతుంది, అంతే.

తలుపులు మూసి, ఫ్యాన్ ఆపాకే తూచాలి. విశాఖలో ఎంవీపీ కాలనీలాంటి చోట మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే కిటికీ సందులోంచి వచ్చినా చివరి అంకె నిలవదు. అందుకే నేను తెల్లవారుజామునే కూర్చుంటాను. ఆన్ చేసి 20 నిమిషాలు వదిలేసి, తర్వాత బిళ్లతో క్యాలిబ్రేట్ చేయాలి. ఈ కాటాల్లో ఒక మోసం ఉంది. పళ్లెం ఖాళీగా ఉన్నప్పుడు అంకె నెమ్మదిగా జరిగినా కాటా దాన్ని తనంతట తానే 0.000కి తెచ్చేసుకుంటుంది, మనకు తెలియదు. కాబట్టి ఒక పెల్లెట్‌ను గుర్తుగా పక్కన పెట్టుకుని, ప్రతి 25 పెల్లెట్లకూ ఒకసారి దాన్నే తూచండి. 2 మిల్లీగ్రాములు మారితే మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి. 500 పెల్లెట్లకు గంటన్నర పడుతుంది.

బరువు కంటే స్కోరును ఎక్కువ ప్రభావితం చేసేది పెల్లెట్ తల సైజు, అంటే ముందు భాగం వ్యాసం. మిల్లీమీటర్లలో 4.49, 4.50, 4.51 అని డబ్బాల మీద ఉంటుంది. ఏది మన బ్యారెల్‌కు నప్పుతుందో కాటా చెప్పలేదు. బ్యారెల్‌ను బెంచి వైస్‌లో లెదర్ ముక్కలతో కదలకుండా బిగించి, ఒక్కో బ్యాచ్‌తో ఒకే చోట 10 షాట్లు కొట్టండి. చిల్లు మొత్తం వెడల్పు కొలిచి, దానిలోంచి పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు తీసేయండి. 6 మిల్లీమీటర్ల చిల్లు అంటే 1.5 మిల్లీమీటర్ల గ్రూప్ (షాట్లు చెదిరిన వెడల్పు), అది మంచి బ్యాచ్. చిల్లు 7.5 మిల్లీమీటర్లు వస్తే ఆ డబ్బాను ప్రాక్టీసుకు వదిలేయండి. నప్పిన బ్యాచ్ దొరికితే డై నంబరు (పెల్లెట్లు తయారైన అచ్చు నంబరు) రాసుకుని, అదే నంబరువి ఒకేసారి సీజన్‌కు సరిపడా కొనండి. అదే సైజు, కానీ వేరే బ్యాచ్ అయితే మళ్లీ పరీక్షించాలి.

విశాఖ తేమ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జూన్ నుంచి నవంబరు దాకా, తుపాన్ల రోజుల్లో మరీ, తెరిచిన డబ్బాలో సీసం మీద తెల్లటి పొడి పట్టేస్తుంది. తుడిచి వాడదామనుకోవద్దు. బ్యారెల్‌లోకి వెళ్తే కచ్చితత్వం పోతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆరోగ్యం పోతుంది. అలాంటివి పారేయాలి, ఊదకూడదు, తడిగుడ్డతో బల్ల తుడవాలి. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, పొట్లాలు నెలకోసారి మార్చితే ఏడాది పైగా కొత్తగానే ఉంటాయి. పెల్లెట్లు కడగడం వానాకాలంలో అసలు వద్దు, స్కర్ట్ లోపలి తడి ఆరదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, పిల్లలున్న గదిలో ఈ పని చేయకపోవడం తప్పనిసరి.

కాటా విషయానికొస్తే, రెండో వానాకాలంలో బ్యాటరీ గది స్ప్రింగులు తుప్పు పట్టాయి, అంకె గాల్లో ఊగినట్టు అయింది. సన్నటి ఇసుక కాగితంతో గీకితే సరిపోయింది. వాడనప్పుడు బ్యాటరీలు తీసేయండి. ప్లాస్టిక్ గిన్నె పెడితే స్టాటిక్ (స్థిర విద్యుత్తు) వల్ల 3, 4 మిల్లీగ్రాములు అటూ ఇటూ అవుతుంది, లోహపు పళ్లెమే వాడాలి. ఒక వారంలో ఒకే డబ్బా తూచేవాళ్లకు ఇది చాలు. డబ్బు తక్కువగా ఉంటే మాత్రం ముందు వైస్ కొనండి, కాటా తర్వాత.